పక్క సీటు

సెప్టెంబర్ 27

మా పాత నివా జీపుని అమ్మేశాం. అమ్మేశాం అని రాస్తున్నాను గానీ అమ్మింది తుర్గున్. నేను టీ పోశాను, అంతే.

కొన్నవాడు తేనెటీగలు పెంచే షాబ్దన్. కొండ అవతలి లోయ నుంచి వచ్చాడు. బానెట్ ఎత్తి, తల లోపలికి పెట్టి, నేను రోగుల ఛాతీ విన్నట్టే ఇంజను చప్పుడు విన్నాడు. "దీనికేం రోగం లేదే, ఎందుకమ్ముతున్నారు?" అన్నాడు. తుర్గున్ ఎడమ కాలు ముందుకు చాపి చూపించాడు.

"రోగం దానికి కాదు, దీనికి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

అందులో అబద్ధం లేదు. గుర్రాల ఆటలో గుర్రం మీంచి పడ్డప్పటి నుంచి ఆ మడమ వంగదు, క్లచ్ తొక్కలేడు. క్లచ్ లేని బండి వస్తే మళ్ళీ నడపగలడు. మొగుడు మూడేళ్ళ తర్వాత స్టీరింగు పట్టుకుంటానంటే ఏ పెళ్ళాం వద్దంటుంది? నేనూ అనలేదు.

నా బాధంతా బండి గురించే. ఒక్కసారి కూడా నన్ను దారిలో నిలబెట్టలేదు. గడ్డకట్టే చలిలో కూడా పొద్దున్నే కింద నిప్పుల పళ్ళెం పెడితే దగ్గుకుంటూ లేచేది. హీటరు పాదాలు కాల్చి ముఖాన్ని వదిలేసేది. కుడివైపు, పక్క సీటు తలుపు బయటి నుంచి తీస్తే తప్ప తెరుచుకునేది కాదు. అవి లోపాలు కావు, అలవాట్లు.

షాబ్దన్ బయల్దేరుతుంటే, మూడో గేరు వేసేటప్పుడు కాస్త ఎడమకి నొక్కిపట్టాలని చెప్పబోయాను. తుర్గున్ నాకంటే ముందే చెప్పేశాడు. అతను నడిపిన రోజుల్లో ఆ గేరు బాగానే ఉండేది మరి. పక్కన కూర్చుని నా చెయ్యి చూసి తెలుసుకున్నట్టున్నాడు.

సెప్టెంబర్ 30

కొత్త బండి వచ్చింది. కొత్తదంటే మాకు కొత్త. తెల్లది, నేలకు బాగా దగ్గరగా ఉంది. తలుపు వేస్తే కూస్తుంది, బెల్టు పెట్టుకోకపోతే కూస్తుంది, వెనక్కి పోతే కూస్తుంది. దానికి నోరెక్కువ.

ముందుగా వాళ్ళ పిన్ని దీవెన తీసుకోవాలన్నాడు తుర్గున్. వంతెన దాటి పై ఇళ్ళకు వెళ్ళాం. పిన్ని అంటే బాత్మా అత్త. అత్త రెండు చేతులూ చాచి, దారి తెల్లగా, శుభంగా ఉండాలని దీవించి, బండి చుట్టూ తిరిగి చూసింది. "నర్సుకి ఇంత తెల్ల బండెందుకురా, బురద కనబడదూ?" అంది. "నర్సుకి కాదు పిన్నీ, డ్రైవరుకి," అన్నాడు తుర్గున్. ఎంత సంతోషమో ఆ ముఖంలో. చూసి నేనూ సంతోషించాను. సంతోషించాననే అనుకుంటున్నాను.

అత్త కోడలు ఐజిరెక్ గుమ్మం దగ్గరే నిలబడింది. ఏడో నెల నిండింది. మొగుడు గొర్రెలతో దూరంగా కొండల్లో ఉన్నాడు. మేం బయల్దేరేటప్పుడు దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఇక మీరు నడపరా అక్కా?"

"ఎందుకు నడపను?" అన్నాను.

అక్టోబర్ 2

తాళం చెవి తుర్గున్ జేబులో ఉంది. దానికి జంట తాళం లేదట.

అక్టోబర్ 5

ఈరోజు ముగ్గురు రోగుల్ని చూడాలి. తుర్గున్ తీసుకెళ్ళాడు. మొదటింట్లో ముసలాయన కాలి పుండుకు కట్టు మారుస్తుంటే తుర్గున్ కూడా లోపలికొచ్చి కూర్చున్నాడు. గుర్రాల కబుర్లు మొదలయ్యాయి. మాంసం ఉడికేదాకా లేవనివ్వలేదు. ఆ ముసలాయన నాతో ఎప్పుడూ కాలి గురించి కాదు, నిద్ర పట్టకపోవడం గురించి మాట్లాడతాడు. ఈరోజు ఆ మాటే ఎత్తలేదు.

చివరికి ఐజిరెక్. ఇదివరకు ఎలా ఉండేదంటే, నేను ఇంట్లో బీపీ చూసేదాన్ని, అత్త ముందు ఆమె "బాగున్నానక్కా" అనేది. తర్వాత నన్ను సాగనంపడానికన్నట్టు బయటికొచ్చి నివాలో పక్క సీట్లో కూర్చునేది. అప్పుడు అసలు మాటలు వచ్చేవి. ఆమె ఒక్కతే కాదు. ఈ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు ఆ సీట్లో కూర్చుని ఏడ్చారు. మాటలయ్యాక నేనే దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తీసేదాన్ని. ఈలోగా కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఈరోజు బయటికి వచ్చింది. బండి దాకా వచ్చింది. లోపల తుర్గున్ రేడియో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె మొగుడికి అన్న వరస.

"ఏమైనా చెప్పాలా?" అన్నాను.

"ఏం లేదక్కా. బాగానే ఉన్నాను."

బీపీ కాస్త ఎక్కువగా ఉంది. కాళ్ళు వాచాయి. ఉప్పు తగ్గించమన్నాను. మళ్ళీ గురువారం వస్తానన్నాను. తుర్గున్ హారన్ కొట్టాడు. కావాలని కాదట, చెయ్యి తగిలిందట.

అక్టోబర్ 6

తాళం అడిగాను.

"ఎక్కడికెళ్ళాలో చెప్పు, తీసుకెళ్తాను," అన్నాడు.

"నేనే వెళ్తాను. నీకెందుకు శ్రమ?"

"శ్రమేంటి? మూడేళ్ళు నన్ను గొర్రెపిల్లని మోసినట్టు మోశావు. ఇక నువ్వు కూర్చో. హాయిగా కిటికీలోంచి చూడు."

ఇంత ప్రేమగా మాట్లాడే మనిషితో ఎలా పోట్లాడాలి? కొట్టినా బాగుండేది, తిట్టినా బాగుండేది. జవాబు దొరికేది.

కిటికీలోంచి చూశాను. రాళ్ళున్నాయి.

అక్టోబర్ 8

గురువారం. వంతెన దాటాక చక్రాల గాడిలో బండి పొట్ట ఆనేసింది. ముందుకూ పోదు, వెనక్కూ పోదు. నివా అయితే ఈ గాడిని పట్టించుకునేది కూడా కాదు. ఆ మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. తుర్గున్ ముఖం మాడిపోయింది. ట్రాక్టరు వచ్చి లాగేసరికి సాయంత్రమైంది. కింద ఏదో రేకు ఊడి వేలాడుతోంది. ఇంటికి తిరిగొచ్చాం.

"పైకి రేపు వెళ్దాం," అన్నాడు.

అక్టోబర్ 9

రేపట.

అక్టోబర్ 10

రేకు బిగించేవాడు రాలేదు. పై ఇళ్ళకు నడిచి వెళ్ళొచ్చు. గంటన్నర నడక. నడవగలను. కానీ ఆరోగ్య కేంద్రం నిండా జలుబు పిల్లలే, వాళ్ళని వదిలి ఎలా వెళ్తాను? బాత్మా అత్తకి ఫోను చేశాను. "దుక్కలా ఉంది, రొట్టెలు కాలుస్తోంది," అంది.

అక్టోబర్ 11

జలుబు పిల్లలు ఈరోజు ఎవరూ రాలేదు. అయినా వెళ్ళలేదు. నేను ఆ దారిన నడిచి వెళ్తుంటే ఊరంతా చూసి ‘నర్సు నడుస్తోందేమిటి’ అని తుర్గున్‌ని అడిగితే, అప్పుడు అతనికి తెలిసొస్తుంది అని ఒక పక్క. అలా అడిగించుకోవడం అతనికి అవమానం అని ఇంకో పక్క. రెండు పక్కలూ నావే. రొట్టెలు కాల్చే పిల్లకి ఏమవుతుందిలే.

అక్టోబర్ 13

నిన్నటి సంగతి ఈరోజు రాస్తున్నాను. నిన్న రాత్రి ఇంట్లో లేను.

రేకు మొన్న సాయంత్రం బిగించారు. నిన్న పొద్దున టీ తాగి, ఎక్కడికో చెప్పకుండా తుర్గున్ బండి తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పాలు పితుకుతున్నాను. చప్పుడు విని బయటికొచ్చేసరికి దుమ్ము మాత్రమే ఉంది. బజారుకనుకున్నాను.

మధ్యాహ్నం బాత్మా అత్త ఫోను. ఎప్పుడూ కంగారు పడని మనిషి.

"అసీల్, ఈ పిల్లకి కళ్ళు మసకలంటోంది. తల పగిలిపోతోందంట. నేను అక్కడుంటే ఇక్కడున్నానంటోంది."

తుర్గున్‌కి ఫోను చేశాను. అందుబాటులో లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. జిల్లా ఆసుపత్రి అంబులెన్సు ఇంకో ఊరు పోయిందన్నారు. సంచీ భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాను. పాల క్యాన్ల బండి ఎదురొచ్చింది. అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు తిట్టబోయి నన్ను చూసి ఆగిపోయాడు.

పైకి వెళ్ళేసరికి ఐజిరెక్ గోడకానుకుని కూర్చుని ఉంది. ముఖమంతా వాపు. బీపీ ఎంతో రాయను, రాస్తే మళ్ళీ చూడాల్సి వస్తుంది. మెగ్నీషియం ఇంజెక్షన్ ఇచ్చాను. క్యాన్ల మధ్య పరుపు వేసి పడుకోబెట్టాం. ఒక పక్క నేను, ఒక పక్క అత్త. ప్రతి గతుకుకీ క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ఫిట్స్ వస్తాయేమోనని ఆమె పెదవులు చూస్తూనే ఉన్నాను. అట్-బాషి జిల్లా ఆసుపత్రి గేటు కనబడేదాకా కళ్ళు తిప్పలేదు.

దారిలో ఒకసారి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజే ఉందక్కా తలనొప్పి. చుక్కలు కనబడేవి. బండిలో బావగారున్నారని చెప్పలేదు."

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రొట్టె ముద్దంత ఉంది. గాజుపెట్టెలో పెట్టారు. ఇద్దరూ బతికే ఉన్నారు. బతికే ఉన్నారు అని మళ్ళీ రాస్తున్నాను.

ఇవాళ తెల్లారాక బస్సులో ఇంటికొచ్చాను. వాకిట్లో తెల్ల బండి ఉంది. అద్దాల దాకా బురద.

అక్టోబర్ 14

నిన్న ఏమీ మాట్లాడలేదు. ఈరోజు మాట్లాడాను.

"ఎక్కడికెళ్ళావ్?"

"పనుంది."

"ఏం పని? ఏ బజార్లో అంత బురదుంది?"

కుర్చీలో కూర్చుని బూటు లేసు విప్పుతున్నాడు. ఆ కాలికి బూటు విప్పడం అతనికి పెద్ద పని. మామూలుగా నేను సాయం చేస్తాను. చెయ్యలేదు.

"ఐజిరెక్ చచ్చిపోయేది తెలుసా? నీ పిన్ని కోడలు. పాల బండిలో, క్యాన్ల మధ్య."

"తెలుసు. పిన్ని చెప్పింది." బూటుని రెండు చేతులతో లాగాడు. "నాకు తెలిస్తే వెళ్ళేవాణ్ణా అసీల్?"

"చెప్పి వెళ్తే ఆపేదాన్ని కదా."

"అందుకే చెప్పలేదు."

నేను అరిచాను. ఏమన్నానో అంతా గుర్తులేదు. నివాని అమ్మినందుకు తిట్టాను, తాళం జేబులో పెట్టుకున్నందుకు తిట్టాను. మా ఇంట్లో గొంతు పెంచేది ఎక్కువగా నేనే. అతను బూటు పక్కన పెట్టి మాట్లాడాడు.

"గుర్రం పడ్డ చోటికి వెళ్ళాను. నన్ను ఆసుపత్రికి మోసుకుపోయారు, బతకదని దాన్ని అక్కడే కోసేశారు. మూడేళ్ళయింది. ఆ నేల నేను చూడలేదు."

"నన్నడిగితే తీసుకెళ్ళేదాన్ని కాదా?"

"తీసుకెళ్తావు. పక్కన నిలబడతావు. చలిగా ఉంది పద అంటావు. కాలికి మంచిది కాదంటావు." బూటుని కుర్చీ కిందికి తోశాడు. "మూడేళ్ళు ఎక్కడికి పోవాలన్నా నువ్వు తీసుకెళ్తేనే పోయాను. ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. నువ్వు దిగి, చుట్టూ తిరిగి వచ్చి తీస్తే గానీ నేను దిగలేదు. ఒక్కోసారి లోపలెవరితోనో మాట్లాడి వచ్చేదాకా కూర్చునేవాణ్ణి. బాగు చేయించాలని నీకు ఒక్కసారైనా తోచిందా?"

"నువ్వు చెప్పలేదుగా."

"తలుపు తియ్యమని ప్రతిసారీ అడగడమే కష్టంగా ఉండేది. ఇంకా బాగు చేయించమని కూడా అడగాలా?"

నేను వెళ్ళి పొయ్యిలో పిడకలు వేశాను. అవసరం లేకపోయినా వేశాను. గదంతా ఉక్కిరిబిక్కిరైంది.

అక్టోబర్ 15

ఇంకా కోపంగానే ఉంది. అతను చెప్పింది న్యాయమే అయినా కోపం పోలేదు. న్యాయమైనందుకే పోలేదేమో.

అక్టోబర్ 17

ఎవరికీ చెప్పనిది ఒకటి రాస్తాను. నివా ఉన్న రోజుల్లో పై ఇళ్ళ నుంచి వచ్చేటప్పుడు, ఏరు కనబడే మలుపులో బండి పక్కకి తీసి ఆపేదాన్ని. ఇంజను ఆపేసి ఊరికే కూర్చునేదాన్ని. ఏమీ ఆలోచించేదాన్ని కాదు. ఎవరూ అక్కా అని పిలిచేవాళ్ళు కాదు. ఇంటికెళ్ళాక ‘రోగి దగ్గర ఆలస్యమైంది’ అనేదాన్ని. తుర్గున్ సరేననేవాడు.

బండి గురించే బాధపడుతున్నానని మొదట్లో రాశాను. ఆ పేజీ చించేద్దామనుకున్నాను. ఉండనీ.

అక్టోబర్ 19

ఆసుపత్రికి వెళ్ళాం. అతనే నడిపాడు. ఐజిరెక్ లేచి కూర్చుంది. పిల్ల గాజుపెట్టెలోంచి బయటికొచ్చి పాలు తాగుతోంది. తుర్గున్ వరండాలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. బాత్మా అత్త వెళ్ళి ఏమందో తెలీదు గానీ అతను తలొంచుకుని వినడం గాజు తలుపులోంచి కనబడింది.

తిరుగుదారిలో ఏరు మలుపు దగ్గర నేను చెప్పాను.

"నాకు పక్క సీట్లో కూర్చోవడం ఇష్టం లేదు."

చాలా దూరం వెళ్ళాక అన్నాడు.

"నాకు మాత్రం ఇష్టమా?"

ఆపైన ఇద్దరమూ మాట్లాడలేదు. బండి కూడా కూయలేదు.

అక్టోబర్ 21

పొద్దున టీ దగ్గర తాళం చెవి బల్ల మీద పెట్టాడు, వెన్న గిన్నె పక్కన. నేను తీసుకోలేదు. మధ్యాహ్నానికి కూడా అక్కడే ఉంది. సాయంత్రం నేను తలుపు పక్కన గోడకి మేకు కొట్టాను. వేలు కూడా కొట్టుకున్నాను. తాళం దానికి తగిలించాను. "ఇది ఎవరి జేబులోకీ పోదు," అన్నాను. "రోగి పిలిస్తే నాది. మిగతా రోజుల్లో ఎవరు ముందు తీసుకుంటే వాళ్ళది."

"ఎక్కడికి అని అడగొచ్చా?"

"అడక్కూడదు."

"నువ్వు అడగకుండా ఉండలేవు," అన్నాడు.

చూద్దాం.

అక్టోబర్ 23

ఈ బండి నడపడం రాలేదు. ఎడమకాలు క్లచ్ కోసం వెతికి, బ్రేకు మీద పడి, ఇద్దరి తలలూ ముందుకు పోయాయి. రెండోసారి కూడా.

"ఎడమకాలుని మర్చిపో," అన్నాడు పక్క నుంచి. "చచ్చిపోయిందనుకో. నేనలాగే అనుకున్నాను."

"నువ్వు మాట్లాడకు."

"నివా నేర్పినప్పుడు నేను అరిచాను, ఇప్పుడు అరుస్తున్నానా?"

నిజంగానే అరవలేదు. అది ఇంకా చిరాకు పుట్టించింది. చివరికి ఎడమకాలిని సీటు కిందికి ముడుచుకుని నడిపాను. బడి దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. కోడి ఒకటి తప్పించుకుంది.

అక్టోబర్ 26

తుర్గున్ పొద్దున తాళం తీసుకున్నాడు. ఎక్కడికని అడగలేదు. బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడ్డాను, అయినా అడగలేదు. చీకటి పడకముందే వచ్చాడు. చేతులు ఎర్రగా ఉన్నాయి, చలికి. ఏదైనా చెబుతాడేమోనని టీ రెండుసార్లు పోశాను. చెప్పలేదు.

అక్టోబర్ 29

మంచు మొదలైంది. ఐజిరెక్ పిల్లతో ఇంటికొచ్చిందట.

నివా అయితే ఈ మంచులో... అని మొదలుపెట్టి ఆపేశాను. తుర్గున్ విని, "చలికాలం టైర్లు వేయించాను," అన్నాడు.

నవంబర్ 2

మధ్యాహ్నం ఐజిరెక్ ఫోను. "అక్కా, ఖాళీ ఉంటే రండి. మీరొక్కరే." అంతే చెప్పి పెట్టేసింది. గొంతులో భయం లేదు గానీ ఏదో ఉంది.

మేకుకి తాళం లేదు. తుర్గున్ బయటెక్కడో ఉన్నాడు. ఫోను చేశాను. ఎక్కడున్నావ్ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"బండి కావాలి. పై ఇళ్ళకు."

"వస్తున్నా."

ఎంతో సేపు కాలేదు, వచ్చాడు. ఇంజను ఆపకుండానే దిగాడు. నేల జారుడుగా ఉంది. బానెట్ మీద చెయ్యి వేసుకుని, ఆ కాలుని ఈడ్చుకుంటూ ముందు నుంచి చుట్టూ నడిచి అవతలి వైపు ఎక్కాడు. నేను వెళ్ళి పట్టుకోలేదు. పట్టుకోకుండా సంచీ ఎత్తుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను.

వంతెన దగ్గర అన్నాడు.

"ఇక్కడ ఆపు."

"ఎందుకు? చలి."

"టీ కొట్టు తెరిచుంది. ఆ పిల్లకి నీతో పని, నాతో కాదుగా."

"ఎంతసేపవుతుందో తెలీదు."

"అవనీ. నాకూ అక్కడ ఒకడితో పోట్లాట ఉంది, గుర్రాల గురించి."

దిగి, తలుపు వేసి, టీ కొట్టు వైపు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. నేను గాడి తప్పించి ఒక చక్రం మిట్ట మీద పెట్టి ఎక్కించాను. పొట్ట ఆనలేదు.

ఐజిరెక్ నా కోసం గేటు బయటికే వచ్చి నిలబడింది. పిల్లని శాలువాలో గుండెకి కట్టుకుంది. ముఖం వాపు తగ్గి, పాత ఐజిరెక్ బయటపడింది. లోపల్నుంచి బాత్మా అత్త పిలుస్తోంది, మంచులో నిలబడతారేమిటి, రొట్టెలు వేడిగా ఉన్నాయి రండని. ఐజిరెక్ "వస్తాం అత్తయ్యా" అంది గానీ కదల్లేదు. బండి చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. తలుపు వేసుకుంది. బెల్టు కోసం బండి కూసింది. నేను ఇంజను ఆపేశాను.

ఆమె పిల్ల తల మీద శాలువా సర్దింది. అద్దం మీద పడుతున్న మంచు వైపు చూస్తూ, "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీదక్కా," అంది.

"ఎక్కణ్ణుంచైనా పర్లేదు," అన్నాను.

ఆమె చెప్పినవి ఇక్కడ రాయను.